ఆరని కొవ్వొత్తి

ఆ నవలను పిల్లల బొమ్మల సినిమాగా తీద్దామని మా కైరో స్టూడియోలో అన్నప్పుడే నాకు ఒళ్లు మండింది. పిండిమర వాడి కూతురు చివర్లో నైలు వరదలో కొట్టుకుపోయి చచ్చిపోయే కథ అది. బడిలో మేమంతా చదివి ఏడ్చినవాళ్లమే. దర్శకుడు షెరీఫ్ ఆ పిల్లను బతికించడమే కాక, తోడుగా మాట్లాడే బాతును కూడా పెట్టాడు.

"పిల్లలు పాప్‌కార్న్ తింటూ శవాన్ని చూడాలా, నజ్వాన్?" అన్నాడు.

"నీ బాతును చూస్తే రచయిత సమాధిలోంచి లేచొస్తాడు," అన్నాను.

రచయిత పోయి చాలాకాలమైంది. హక్కులు ఆయన అక్క ఇన్షిరాహ్‌వి. ఆవిడ కాదంటే పిల్ల బతకడం కుదరదు. కాదనాలనే నా ఆశ. నేను గీసిన బొమ్మలు పట్టుకుని ఇద్దరం ఆవిడ ఉండే మన్సూరా ఊరికి వెళ్లాం.

ముసలావిడ టీ ఇచ్చి, కళ్లజోడు పెట్టుకుని బొమ్మలు తిరగేసింది. బారసాల బొమ్మ దగ్గర ఆగింది. మా దేశంలో బిడ్డ పుట్టిన ఏడో రోజున ఏడు కొవ్వొత్తులకు ఏడు పేర్లు పెట్టి వెలిగిస్తాం. ఆఖరిదాకా వెలిగిన పేరే బిడ్డది, ఆయుష్షు గట్టిదని నమ్మకం. నవలలో మాత్రం ఆ పిల్ల కొవ్వొత్తి అన్నిటికంటే ముందే ఆరిపోతుంది. తండ్రి మొండికేసి ఆ పేరే పెడతాడు.

"ఇది అబద్ధం," అంది ఆవిడ.

"పుస్తకంలో ఉన్నదే గీశానండీ."

"రాసినవాడే అబద్ధాలకోరు. అప్పటికి వాడు పుట్టనే లేదు. ఏడింటిలో నాదే ఆఖరిదాకా వెలిగిందని మా అమ్మ చెప్పేది."

"అంటే ఆ పిల్ల మీరేనా?" అన్నాను.

"చిన్నతనంలోనే పెళ్లి చేసి, పడవెక్కించి పంపేశారు. తమ్ముడు ఒడ్డు వెంట పడవతో పాటే పరిగెత్తాడు. వాడి లెక్కలో నేను ఆ రోజే పోయాను. ప్రేమ కొద్దీ రాశాడు, కాదనను. కానీ నేను పిల్లల్ని కన్నాను తల్లీ, పిండిమర నడిపాను, మొగుడితో పోట్లాడి గెలిచాను. నా మనవరాలు బడినుంచి ఏడుస్తూ వచ్చి 'నానమ్మా, పరీక్షలో నువ్వు చచ్చిపోయావు' అంది!"

నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం తడిశాయి. ఇన్నాళ్లూ ఈవిడ చావు కోసమా నేను పోట్లాడింది అని సిగ్గేసింది.

"ఈ బాతేంటి బాబూ?" అని షెరీఫ్‌ను అడిగింది.

"తీసేస్తానండీ," అన్నాడు వాడు గాభరాగా.

"ఉంచు. అత్తారింట్లో మొదట్లో నాతో మాట్లాడే దిక్కే లేదు. బాతులతోనే మాట్లాడేదాన్ని."

నేను పెన్సిల్ తీసి, ఆరిన కొవ్వొత్తిని చెరిపి, వెలుగుతున్నట్టు గీశాను. ఆవిడ వంగి చూసింది.

"ఇంకాస్త పొడుగ్గా గియ్యవే," అంది.