అత్తగారి చిటికెన వేలు

వంతెనల వణుకును కొలిచే యంత్రం తయారుచేస్తున్న ఇంజనీరు పదకొండు రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. యంత్రం గుండెకాయ అరచేతంత బోర్డు. దాని మీద ఎఫ్‌పీజీఏ అనే పెద్ద చిప్పు ఉంది. దాని లోపలి సర్క్యూట్ ఎలా ఉండాలో మనమే రాసి ఎక్కించుకోవచ్చు. అది అంకెలు పోగుచేసి పక్కనున్న చిన్న యూఎస్‌బీ చిప్పుకు అందించాలి, ఆ చిప్పు వాటిని కేబుల్ గుండా కంప్యూటరుకు పంపాలి. పంపేది కూడా. కాసేపు గలగలా పంపి, ఉన్నట్టుండి మూగనోము పట్టేది.

ఇంజనీరు కేబుళ్లు మార్చాడు. కంప్యూటరు మార్చాడు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు. ప్రోగ్రాము మొత్తం మూడుసార్లు తిరగరాశాడు. ఇంట్లో భార్య "ఆ ఉప్పు ఇలా అందించండి" అంటే, "అందుతోంది, అక్కణ్నుంచే ముందుకు పోవట్లేదు" అన్నాడు.

పన్నెండో రోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాడు. దాన్ని పట్టుకుని అత్తగారు ఆఫీసుకు వచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్లు టైపు నేర్పి రిటైరైన మనిషి. కూతురింటికి వచ్చి నాలుగు నెలలైంది. ఏం ముట్టుకోబోయినా "నువ్వు కూర్చోమ్మా" అనేవారు. కూర్చుని కూర్చుని ఆవిడకు ప్రాణం విసిగిపోయింది.

తెర మీద అంకెలు పరుగెత్తి ఆగిపోవడం ఆవిడ రెండుసార్లు చూసింది.

"ఎక్కడో మీట పట్టేసినట్టుంది బాబూ" అంది.

"ఇందులో మీటలుండవు అత్తయ్యగారూ."

"మరి ఇదేమిటి?" అంటూ చిటికెన వేలితో చిన్న చిప్పు మూలను బలంగా నొక్కింది.

అంకెలు మొదలయ్యాయి. ఆగలేదు. ఆవిడ వేలు తీసింది, ఆగిపోయాయి. పెట్టింది, వచ్చాయి.

పక్క గదిలోంచి కంపెనీ యజమాని పరుగెత్తుకొచ్చాడు. తన బొటనవేలు పెట్టి చూశాడు, అది చిప్పునంతా కప్పేసింది తప్ప ఫలితం లేదు. ఇంజనీరు పెట్టాడు, బోర్డు విరుగుతుందన్న భయంతో గట్టిగా నొక్కలేకపోయాడు.

"భూతద్దం పెట్టి చూస్తానండీ, ఏదో అతుకు ఊడినట్టుంది" అన్నాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాడు యజమాని. "రేపు పదింటికి తనిఖీ. ఇప్పుడు నడుస్తోంది కదా! అమ్మా, రేపు మీకేమైనా పనుందా?"

"నాకా?" అని అత్తగారు మొదటిసారి నవ్వింది.

మర్నాడు వంతెనల శాఖ తనిఖీదారు ఫారాల కట్టతో వచ్చాడు. యంత్రం ముందు కుర్చీలో, బోర్డు మీద వేలు పెట్టుకుని కూర్చున్న పెద్దావిణ్ని చూశాడు.

"ఈవిడ?"

యజమాని గొంతు సవరించుకున్నాడు. "యంత్రంలో భాగమండీ. డేటా పంపే భాగం."

తనిఖీదారు రాసుకున్నాడు. "వంతెన మీద ఎండా వానా ఉంటాయి. తట్టుకుంటుందా?"

"గొడుగిస్తే తట్టుకుంటాను" అంది అత్తగారు.

ఆయన ఫారంలో 'గొడుగుతో సహా' అని చేర్చాడు. గంటసేపు పరీక్ష జరిగింది. ఒక్క అంకె కూడా తప్పిపోలేదు. సంతకం పెట్టి, ముద్ర వేసి, ఇలాంటివే మరో మూడు కావాలన్నాడు.

ఆయన గేటు దాటగానే ఇంజనీరు భూతద్దం తీశాడు. చిన్న చిప్పు కాలొకటి బోర్డుకు అతుక్కోకుండా ఊరికే ఆనుకుని ఉంది. కాస్త సీసం కరిగించి అతికించాడు. రెండు క్షణాల పని. ఇక ఎవరి వేలూ అక్కర్లేకుండా అంకెలు సాయంత్రందాకా వచ్చాయి. ఇంటికెళ్లి ఆ సంగతి ఎగిరి గంతేసినంత సంబరంగా చెప్పాడు. అత్తగారు మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయింది.

వంతెనల శాఖకు పంపిన యంత్రం వారం తిరిగేసరికి వెనక్కి వచ్చింది, వెంట తనిఖీదారు కూడా వచ్చాడు.

"మేం ఆమోదించింది అమ్మగారున్న యంత్రాన్ని. మీరు ఒక భాగం తీసేశారు. అది అవసరం లేదని దాన్ని తయారుచేసినవాళ్లు రాసివ్వాలి."

"ఆవిణ్ని తయారుచేసినవాళ్లు పోయి చాలా ఏళ్లయిందండీ" అన్నాడు యజమాని దీనంగా.

తనిఖీదారు ఫారాల కట్ట తిరగేశాడు. "అయితే ఆవిడే రాసివ్వొచ్చు."

అత్తగారు రాయనంది.

"నేను అవసరమని ముద్ర వేసిన కాగితం జన్మకి అదొక్కటే వచ్చింది బాబూ. అక్కర్లేదని నా చేత్తో నేనే రాసుకోమంటావా?"

ఇంజనీరుకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ పక్కన కూర్చున్నాడు. "పదకొండు రోజులు నేను వెతికినదాన్ని మీరు ఒక్క నొక్కుతో పట్టుకున్నారు. ఎలా అత్తయ్యగారూ?"

"అక్షరం పడకపోతే నేను ముందు కాగితాన్ని అనుమానించను. మీట నొక్కి చూస్తాను. నువ్వు కాగితాలే మారుస్తూ కూర్చున్నావు."

మర్నాడు అతను ఆవిణ్ని ఆఫీసుకు తీసుకెళ్లి, కిటికీ దగ్గర బల్ల వేయించి, భూతద్దమూ కొత్త బోర్డులు మూడూ ముందు పెట్టాడు. గంట గడవకముందే ఆవిడ ఒక బోర్డులో ఊడిన కాలు పట్టుకుంది. మధ్యాహ్నం తనే కంప్యూటరు ముందు కూర్చుని, చూడకుండా చకచకా ఉత్తరం టైపు చేసింది: 'నేను మొదటి యంత్రం నుంచి తనిఖీ బల్లకు బదిలీ అయ్యాను.'

తనిఖీదారు చదివి ఊపిరి పీల్చుకున్నాడు. "బదిలీ అని ముందే చెప్పొచ్చుగా! దానికి వేరే ఫారం ఉంది." ముద్ర పడింది. యంత్రం వంతెన ఎక్కింది.

"బాబూ, ఇలా రా" అని బల్ల దగ్గర్నుంచి అత్తగారు పిలిచింది. "ఇంకో బోర్డులోనూ ఒక కాలు ఊడింది. వీటిని అతికించిందెవరు?"

ఇంజనీరు తనే అని ఒప్పుకున్నాడు.

"అతికించేటప్పుడు నీ మణికట్టు గాల్లో వేలాడుతోంది, అదీ జబ్బు. రేపు తొమ్మిదింటికల్లా రా. చెయ్యి ఎలా ఆనించాలో మొదటి పాఠం నుంచి చెబుతాను."