తొమ్మిదో మెషీన్ మీద గూడు

ఎర్లీన్ గిల్లరీ ఉదయం డ్యూటీ ఎక్కగానే కాఫీ పెడుతుంది, మెషీన్ల అద్దాలు తుడుస్తుంది, ఆ తర్వాత కత్తెర పట్టుకుని ఆడేవాళ్ల భుజాల మీది నాచు కత్తిరిస్తుంది. ఒపెలూసస్ దాటాక హైవే పక్కనున్న ఆ ట్రక్ స్టాపులో యాభై పోకర్ జూదపు మెషీన్లున్నాయి. గంటసేపు ఆడి లేచిపోయేవాళ్లకేం కాదు. రోజుల తరబడి కదలనివాళ్లకు మాత్రం బయట సైప్రస్ చెట్లకున్నట్టే బూడిదరంగు నాచు వేలాడుతుంది. లూసియానా తేమ అలాంటిది మరి.

"కళ్లకడ్డం పడితేనే కత్తిరించు. ఒళ్లు తేలికైతే లేచిపోవాలనిపిస్తుంది వాళ్లకి," అని యజమాని మెర్విన్ దొమాంగ్ ఆమె పనిలో చేరినరోజే చెప్పాడు.

తొమ్మిదో మెషీన్ ముందు ఒడీలాన్ సొనియే ఉండేవాడు. బియ్యం లోడ్లు తోలే మనిషి, సొంత ట్రక్కు. ఫిబ్రవరిలో మార్డి గ్రా పండగ వెళ్లిన మర్నాడు డీజిల్ కొట్టించుకోవడానికి ఆగాడు, ఏప్రిల్ వచ్చినా కదల్లేదు. లోడు వేరేవాళ్లు పట్టుకుపోయారు. ఇంట్లో భార్య ఫోన్ చేయడం మానేసింది. చివరికి ట్రక్కు కూడా బేరం పెట్టాడు. శుక్రవారం కాగితాలు రాసిచ్చేయాలి.

బుధవారం ఎర్లీన్ కత్తెర పెట్టబోయి ఆగింది.

"కదలకు. నీ నాచులో పిట్ట గూడు కట్టింది."

"ఎప్పుడు?" అన్నాడు ఒడీలాన్, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"నాకేం తెలుసు? నువ్వు మూడు రాజులు పట్టుకుని కూర్చున్నప్పుడేమో. నాలుగు గుడ్లున్నాయి."

మెర్విన్ వచ్చి చూశాడు. "గూడుతో సహా కోసి పారెయ్. ఇదేమన్నా పక్షుల సంతా?"

"మీరే కోయండి," అని ఎర్లీన్ కత్తెర చేతికిచ్చింది.

ఆయన వంగాడు. పసుపు గొంతు పిట్ట గుడ్ల మీంచి లేవకుండా ఆయన్నే చూసింది. మెర్విన్ కత్తెర కౌంటర్ మీద పెట్టేసి, "మా అమ్మకి తెలిస్తే నన్ను కోస్తుంది," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

అంతలో రెండో మెషీన్‌లో ఎవరికో పెద్ద పందెం తగిలి బాకాల మోత మొదలైంది. పిట్ట అదిరిపడి ఎగిరి, పైకప్పుకు కొట్టుకుని, దారి తెలియక గిరగిరా తిరిగింది.

ఒడీలాన్ చెయ్యి మీట మీంచి జారింది. "గుడ్లు చల్లారిపోవూ, ఎర్లీనక్కా?"

"చల్లారిపోతాయి."

అతను లేచాడు. మోకాళ్లు కటకటమన్నాయి. నిండు బిందె మోస్తున్నవాడిలా అడుగులో అడుగేసుకుంటూ బయటికి నడిచి, పెట్రోలు బంకు పక్క బెంచీ మీద కూర్చున్నాడు. ఎర్లీన్ తలుపు బార్లా తీసి పట్టుకుంది. కాసేపటికి పిట్ట కూడా వచ్చి వాలింది.

శుక్రవారం ట్రక్కు కొనేవాడు వచ్చాడు. "లేవయ్యా, ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు."

"కారులో కుదుపులుంటాయి. ఇక్కడ గుడ్లున్నాయి."

"ఎన్నాళ్లు?"

"ఆవిణ్ణడుగు."

ఆ మనిషి పిట్ట వంక చూసి, గడియారం వంక చూసి, సోమవారం వస్తానన్నాడు. సోమవారమూ అదే జవాబు. మూడోసారికి విసుగెత్తి, పోర్ట్ బారేలో వేరే ట్రక్కు కొనేసుకున్నాడు.

ఒడీలాన్ కూర్చునే నిద్రపోయాడు. ఎర్లీన్ బూదాన్ సాసేజీ ముక్కలు చేసి పెట్టేది. మొదటి వారం అతని వేళ్లు ఊరికే తొడ మీద మీట నొక్కుతూ ఉండేవి. గుడ్లు పిల్లలయ్యాక ఆ వేళ్లకు పని దొరికింది: వానలో కాలవ గట్టున పురుగులేరడం, గూటికి అందించడం. "ఇంత తిండిపోతుల్ని నేనెక్కడా చూళ్లేదు," అని దారినపోయే డ్రైవర్లందరికీ మురిసిపోతూ చెప్పేవాడు.

నాలుగో పిల్ల ఎగిరిన రోజున అతను, "ఇప్పుడు కత్తిరించక్కా, మొత్తం," అన్నాడు. ఎర్లీన్ మొదలంటా కత్తిరించింది. భుజాలు చాలా సన్నగా కనిపించాయి. ట్రక్కు మూడోసారికి స్టార్టయింది.

"తొమ్మిది ఇంకా ఖాళీగానే ఉంది. పిల్లలెగిరిపోయాయిగా, ఏడీ వాడు?" అని మెర్విన్ లోపల్నుంచి అరిచాడు.

ఎర్లీన్ కత్తెరతో బయటే నిలబడి ట్రక్కునే చూసింది. ఆ జూదం గదికి కిటికీల్లేవు. పన్నెండేళ్లుగా పనిచేస్తున్నా, అక్కణ్నుంచి లేచిన మనిషి ఎటు వెళ్తాడో ఆమె ఎప్పుడూ చూడలేదు. ట్రక్కు రోడ్డెక్కే చోట ఆగింది. టెక్సస్ లోడ్లకు ఎడమకు తిరగాలి. చాలాసేపు మలుపు చూపే ఏ దీపమూ వెలగలేదు. తర్వాత కుడిదీపం, ఇంటివైపుది, ఆగి ఆగి వెలగడం మొదలైంది.