నూత్ తల్లి ముక్కు

కాసాకు దేవతలంటే భయం లేదు. నలభై ఏళ్లుగా వాళ్లను తన చేత్తో దిద్దుతున్నవాడే. శవపేటిక తల దగ్గర నెఫ్తిస్, కాళ్ల దగ్గర ఐసిస్, మూత లోపల నిలువునా చేతులు చాచిన ఆకాశమాత నూత్. వాళ్ల గాజులు ఎన్ని వరసలో కళ్లు మూసుకుని చెప్పగలడు. అతని భయమంతా ఇంట్లో ఉన్న పెళ్లాం వెర్నెరో అంటేనే.

ఈమధ్య ఆ భయానికి దిగులు కూడా తోడైంది. చలికాలంలో పట్టుకున్న దగ్గు ఎండలు ముదిరినా ఆమెను వదల్లేదు. ఆమె కోసం చేసిన శవపెట్టె ముందుగదిలో గోడవార సిద్ధంగా ఉంది. పక్కలకు రంగులైపోయాయి. మూత లోపలి వైపు మాత్రం సున్నం పూతతో తెల్లగా మిగిలిపోయింది, ఎందుకంటే ఆమె అక్కడ గీయనివ్వడం లేదు. నూత్ లేని మూత కింద పడుకుంటే మనిషిని ఒళ్లోకి తీసుకునే తల్లి ఎవరు? బోసి చెక్కను చూస్తూ లక్షల ఏళ్లు ఒంటరిగా పడి ఉండాలి. ఆ సంగతి తలచుకుని కాసా మళ్లీ గీస్తానన్నాడు.

“దాని పేరు చెప్పు, అప్పుడు గీద్దువుగాని,” అంది వెర్నెరో ఉల్లిపాయలు తరుగుతూ.

“ఎవరి పేరే?”

“ఏమీ తెలీనట్టు! నీ దేవతలందరికీ మొహం అరువిచ్చిందే, దాని పేరు. ఆ కొస తేలిన ముక్కూ, ఆ పొగరుబోతు గడ్డమూ. ఊళ్లో ఎవరి మూత ఎత్తి చూసినా అదే. నలభై ఏళ్లు గోడల మీద చూసి ఊరుకున్నా. చచ్చాక కూడా అది నా మీద బోర్లా పడుకోవాలా?”

పెళ్లైన మొదటి ఏడు కాసా ఒకసారి నిజం చెప్పాడు. “అది నువ్వేనే” అన్నాడు. ఆమె తన కంచు అద్దం తెచ్చుకుని మొహం చూసుకుంది, బొమ్మ చూసింది, ఒక్క పోలికా కనపడలేదు. అబద్ధమాడినందుకు తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఆమె తప్పు కూడా లేదు. బొమ్మలో మొహం పక్కకు తిప్పి గీయడం పద్ధతి. అద్దంలో మొహం ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. పక్కనుంచి తానెలా ఉంటుందో ఏ మనిషికి తెలుసు?

పది రోజులకోసారి వచ్చే సెలవు ఆవేళ. కొండలో సమాధులు తవ్వే మగవాళ్లంతా ఇళ్లకు దిగారు. పక్కింటి పెన్నూబ్, రాళ్లు కొట్టేవాడు, తన కోసం కాసా రంగులేసి ఉంచిన పెట్టె కొలత చూసుకోవడానికి వచ్చాడు. వాడికీ వెర్నెరోకూ ముప్పై ఏళ్ల వైరం. వాడి గాడిద గోడ దూకి ఆమె దోసపాదు మేసిన రోజున మొదలైంది. అయినా మూత ఒక్కడు ఎత్తలేడు కాబట్టి ఆమె విసుక్కుంటూనే వచ్చి రెండో కొస పట్టుకుంది. పెన్నూబ్ పెట్టెలోకి దిగి, కాళ్లు చాపి, గుండెల మీద చేతులు పెట్టుకుని హాయిగా పడుకున్నాడు. ఇద్దరూ మూతను వాడి మీదికి తెచ్చి ఆపారు.

“తియ్! తియ్‌రా మూత! అమూన్ తోడు, నేను దీని కింద పడుకోను!”

“ఏరా, పొట్టిగా ఉందా?” అన్నాడు కాసా.

“పొట్టీ లేదు, పొడుగూ లేదు! ఇది వెర్నెరో వదిన! ముప్పై ఏళ్ల నుంచి గోడవతల నిలబడి తిడుతోంది, నా మొహం చూడకుండా గాడిద వైపే తిరిగి తిడుతుంది. పక్కనుంచి ఆ ముక్కు నాకు తెలీదట్రా? లక్షల ఏళ్లు ఈవిడ కిందా? మళ్లీ దోసపాదు సంగతి ఎత్తితే నేనెక్కడికి పారిపోను?”

వెర్నెరో చేతిలోని కొస జారింది. మూత ధబ్బున పడి పెన్నూబ్ గోల లోపలే ఉండిపోయింది.

“వాడేమన్నాడు?” అంది ఆమె.

“నలభై ఏళ్ల కింద నేనన్నదే.”

ఆమె నమ్మలేదు. వాకిట్లోకి వెళ్లి, ఎండకు తెల్లగోడ పక్కన నిలబడి నీడ చూసుకోబోయింది. చూద్దామని మొహం తిప్పితే నీడ కూడా తిప్పుకుని ముక్కు మాయం చేసేది. రెండుసార్లు, మూడుసార్లు తిప్పి చూసి, ఆఖరికి నీడనే తిట్టింది. కాసా బొగ్గుముక్క తెచ్చి, “కదలకు” అని నీడ అంచు వెంట ఒక్క గీత గీశాడు. అప్పుడు చూసింది. గడ్డం కింద కాస్త జారింది గానీ ముక్కు మాత్రం నూత్ తల్లిదే.

వెర్నెరో గోడవార కూలబడింది. “అయితే ఇన్నేళ్లూ నన్ను చూసి నేనే కుళ్లుకున్నానా?” అని ఏడుపూ నవ్వూ కలిపి దగ్గింది. కాసేపటికి తల ఎత్తి, “మన ఊరి లేఖరి పెళ్లాం మూతలో కూడా నేనేనా?” అని అడిగింది.

“నువ్వే.”

“ఆ మాయలాడిని నేను కావలించుకోవాలా!”

ఈలోగా పెన్నూబ్ మూత నెట్టుకుని లేచాడు. “ముందు నాది మార్చండి వదినా, మీకు దణ్ణం పెడతా.”

“మార్చేది లేదు. అక్కడే పడుండు. నా దోసపాదు లెక్క ఇంకా తేలలేదు.”

వాడు వెళ్లాక ఆమె కాసా వంక చూసింది. “నా మూత మీద గియ్యి. కానీ నా మొహం వద్దు. దాన్ని చూసీ చూసీ విసుగెత్తింది. నీ మొహం పెట్టు.”

“తల్లికి నా మొహమా? తప్పు కాదూ?”

“ఇన్నాళ్లూ నా మొహం పెడితే తల్లి ఏమైనా అందా? ఇంకోటి. పక్కకు తిప్పి గీయకు. బతుకంతా నేను మాట్లాడుతుంటే పక్కకే తిరిగావు. ఈసారి ఎదురుగా పెట్టు. రెండు చెవులూ కనపడాలి.”

“ఎదురుగా అంటే నాకు హాతోర్ తల్లి వాటమే వచ్చు. ఆవుదేవత కదా, ఆవు చెవులొస్తాయే.”

“నీకవి సరిపోతాయిలే.”

మూడు సెలవులు పట్టింది. నాలుగో సెలవునాడు వెర్నెరో పెట్టెలోకి దిగి పడుకుంది. తలవైపు కాసా, కాళ్లవైపు పెన్నూబ్ మూతను పట్టుకుని నిలబడ్డారు. ఆమె ఏమంటుందోనని కాసా చెవి ఒగ్గాడు. రాజుగారి సమాధికి రంగులేసిన రోజున కూడా అతనికి అంత గుబులు పుట్టలేదు.

“ఎడమ చెవి చిన్నదైంది,” అంది వెర్నెరో.

ఆ తర్వాత ఆగలేదు. పెళ్లినాటి చేప సరిగ్గా ఉడకకపోవడంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది.

“ఎంతసేపు వదినా? భుజాలు ఊడిపోతున్నాయి,” అన్నాడు పెన్నూబ్.

“నోర్ముయ్. మా ఆయనతో మాట్లాడుతున్నా.”

కాసాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. చెక్క బరువుకు అతని చేతులూ పీకుతున్నాయి. అయినా ఈసారి మొహం పక్కకు తిప్పకుండా, ఆమె చెప్పింది మొత్తం విన్నాడు.