సొట్ట తీసిన మధ్యాహ్నం

చక్రం మీది ప్లాస్టిక్ కప్పు పీకి, నట్లు సడలించి, జాకీ ఎత్తి, చక్రం ఊడదీసేసరికి డ్రైవరమ్మకు నడుము పట్టేసింది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఇంట్లో అత్తగారికి మాత్రం ఆమె ఇంకా "అమ్మాయే".

పొద్దున ఎవరినో స్టేషనులో దింపి వస్తుంటే కారు గుంతలో పడింది. రిమ్ము అంచు అరచేతి వెడల్పున లోపలికి నొక్కుకుపోయింది. అక్కణ్ణించి గాలి సన్నగా జారిపోతోంది. ఆదివారం కాబట్టి టైర్ల కొట్టు మూసేశారు. స్టెప్నీ ఎప్పుడో అరిగి బోడిగుండయింది. రేపు తెల్లవారేసరికి మళ్లీ బేరం ఉంది.

గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని అత్తగారు అంతా చూస్తోంది. ఆవిడకు మోకాళ్లు పనిచేయవు గాని, నోరు ఇంకా పరుగులు తీస్తుంది.

"మొగుడి మీద కోపమంతా దాని మీద తీర్చుకోవే. ఇంతకన్నా మంచి అదను దొరకదు."

"మీ అబ్బాయి మీద కోపం తీరాలంటే నాలుగు చక్రాలూ చాలవత్తయ్యా."

ఇద్దరూ నవ్వుకున్నారు. చెప్పాపెట్టకుండా నిద్రలోనే పోయిన మనిషి మీద కోపం వాళ్లిద్దరికీ ఉమ్మడి ఆస్తి.

అతను పోయినప్పుడు కారు అమ్మేసి కుట్టుమిషను కొనుక్కోమన్నారు బంధువులు. అత్తగారే అడ్డం తిరిగింది. "కుట్టుమిషను మూల కూర్చోబెడుతుంది. కారైతే ఊరంతా తిప్పి ఇంటికి తెస్తుంది" అంది. కోడలు బండి నేర్చుకున్నన్నాళ్లూ పక్కసీట్లో తనే కూర్చుంది. ఎదురుగా లారీ వస్తే కళ్లు గట్టిగా మూసుకునేది గాని, దిగిపోతానని ఏనాడూ అనలేదు.

కమ్మీలతో టైరు ఒలిచి, ఖాళీ రిమ్మును రెండు చెక్కదిమ్మెల మీద నిలబెట్టింది డ్రైవరమ్మ. సొట్ట కిందికి, సందులోకి వచ్చేలా సర్దింది. లోపలివైపు చెక్కముక్క ఆనించి సుత్తి ఎత్తింది. ఇనుముతో తొందర పనికిరాదు. కసిగా కొడితే పగులుతుంది. జాలిపడితే కదలదు. సొట్ట కొసల నుంచి మధ్యకు మెల్లమెల్లగా జరుపుతూ కొట్టింది. చెమట కళ్లలోకి దిగితే మోచేత్తో తుడుచుకుంది.

రిమ్మును కారుకు తగిలించి, అంచుకు పుల్ల దగ్గరగా పట్టి తిప్పింది. చుట్టుకోసారి పుల్ల టక్కుమంది.

"కుంటుతోందే! అచ్చం నా నడకే" అంది అత్తగారు.

మళ్లీ ఊడదీసింది. మళ్లీ కొట్టింది. ఈసారి పుల్లకు ఏమీ తగల్లేదు.

"ఆఁ, ఇది నా పెళ్లినాటి నడక!"

అంచును ఆకురాయితో నున్నగా రాసి, సబ్బునీళ్లతో టైరు ఎక్కించి, చిన్న పంపుతో గాలి నింపింది. సబ్బునురుగు పూసి చూస్తే ఒక్క బుడగైనా లేవలేదు. చక్రం బిగించేసరికి ఎండ గోడ దిగింది.

"ఓ చుట్టు తిరిగొద్దామా అత్తయ్యా?"

"ఇవాళ ఓపిక లేదే. నువ్వు వెళ్లి చూసుకురా. ఆ చక్రం కప్పు ఇలా పారెయ్, తుడుస్తుంటాను. దారిలో బేరమొస్తే ఎక్కించుకోకు, చీకటి పడితే నాకు తోచదు."

మట్టి కొట్టుకున్న ప్లాస్టిక్ కప్పు, తడిగుడ్డ ఆవిడ ఒళ్లో పెట్టి డ్రైవరమ్మ బయల్దేరింది. పెద్దరోడ్డు మీద వేగం పెంచింది. స్టీరింగు వణకలేదు. ఎవరో చెయ్యెత్తి ఆపబోయినా ఆగకుండా ఇంటికి తిప్పింది.

"అత్తయ్యా, వెన్నలా పోతోంది!"

ఆవిడ తల గోడకు ఆనించి ఉంది. కునుకు పట్టిందనుకుని, కప్పు జారిపోతుందేమోనని పట్టుకోబోయింది డ్రైవరమ్మ. ఆవిడ వేళ్లు చల్లగా తగిలాయి. తడిగుడ్డ వల్లేమో అనుకుంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత మసిచేతులు దూరంగా చాచి, నేల మీద కూలబడి, ఆ మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఇరుగుపొరుగును పిలవాలని తెలుసు. కాసేపు పిలవలేదు.

నెల తిరక్కుండానే డ్రైవరమ్మ మళ్లీ బేరాలకు వెళ్లసాగింది. ఎక్కేముందు ఎవరో ఒకరు అంటూనే ఉంటారు: "ఒక చక్రానికి కప్పు లేదమ్మా, ఎక్కడో పడిపోయినట్టుంది."

"పడిపోలేదండీ. ఇంట్లో ఉంది."

గుమ్మం పక్కన, ఖాళీ కుర్చీకి పైన, మేకుకు వేలాడుతోంది అది. ఒక సగం తళతళలాడుతోంది. రెండో సగం మీద ఆ రోజు గుంతలోని మట్టి అలాగే ఉంది.