జీడి పొక్కులు

అరవై ఏడు ఎండాకాలంలో కాశీబుగ్గలో మా వీధికి మశూచి వచ్చింది. పొట్లం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న ముసలిదాన్నని తెలిసి, టీకాల ఇనస్పెక్టరు ఉమామహేశ్వరరావు గారు వీధి కాగితం నా చేతిలో పెట్టారు. ఏ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరికి పొక్కులు, ఎవరి జబ్బ మీద టీకా మచ్చ లేదు, ఎవరింటికి చుట్టాలొచ్చారు. రోజూ రాసివ్వాలి.

మా కోడలు వరహాలమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. ఒక సాయంత్రం ముంజేతుల మీద, గడ్డం మీద పొక్కులతో వచ్చింది.

"ఏటే అవి?"

"జీడి సొన సిందింది అత్తా. బూడిద రాసుకోడం మర్సిపోనాను. నీకేటి కొత్తా?"

కొత్త కాదు. నా చేతులకీ ఏళ్ల తరబడి లేచినవే. కానీ మూడిళ్ల అవతల ఇద్దరిని, రోగుల్ని విడిగా ఉంచే పాకకి తీసుకెళ్లి రెండు రోజులే అయింది. చెయ్యి వాస్తే పిక్కలు కొట్టలేనని టీకాల రోజున ఇది పెరటి గోడ దాటి పారిపోయింది. దీని పక్కలో మూడేళ్ల మనవరాలు. కూలి పనికని బర్మాలోని రంగానికి ఓడెక్కిన మా ఆయన తిరిగి రాలేదు. ఖరగ్‌పూర్ రైల్వేలో ఉన్న కొడుకు ఉత్తరం రాసి అయిదు నెలలు. ఈ మనవరాలు కూడా పోతే?

కాగితం మీద రాశాను. పొక్కులున్నాయి. మచ్చ లేదు.

ఇనస్పెక్టరు గుమ్మం అవతలే నిలబడి చూశారు.

"జీడి పొక్కులు బాబూ," అంది వరహాలమ్మ.

"ఈ వీధిలో అందరివీ జీడి పొక్కులేనమ్మా. పద."

అది నా వైపు తిరిగింది. "సెప్పత్తా."

నేను మనవరాలిని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాను.

అయిదో రోజుకి పొక్కులు ఎండి, జీడివి ఊడినట్టే పొరలు పొరలుగా ఊడిపోయాయి. పాక కంచె మీంచి చేతులు చాపి చూపించింది. "సూసుకో అత్తా. ఇదీ రాసుకో."

ఇనస్పెక్టరు కాళ్లు పట్టుకున్నాను.

"అయిదు రోజులు రోగుల మధ్య పడుకుంది. ఇప్పుడెలా వదులుతాను? ఇంకా పదహారు రోజులు చూడాలి."

"టీకా అయినా వెయ్యలేదేటి బాబూ?"

"రోగం వచ్చిందని నువ్వే రాశావు కదమ్మా. వచ్చాక వేసి ఏం లాభం?"

ఆ రోజే వేశారు. పన్నెండో రోజున జ్వరం తగిలింది. ఈసారి లేచినవి జీడివి కావు. ఇరవై రెండో రోజున పోయింది. పాకలోంచే కాటికి తీసుకుపోయారు. కంచె దాకా కూడా మనవరాలిని రానివ్వలేదు.

మర్నాడు ఇనస్పెక్టరు వచ్చారు. "ఎవరి నుంచి సోకిందో రాయాలి. మీ ఇంటికి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. నా నుంచే. రాసుకోండి."

ఆయన నా జబ్బ మీది మచ్చ చూశారు. "నీకు చిన్నప్పుడే టీకా పడింది. నీ నుంచి ఎలా వస్తుంది?"

ఆ గడిలో 'తెలియదు' అని రాశారు. తర్వాత కొత్త కాగితం నా ముందు పెట్టారు. మా ఇంటి వరసలో మనుషులు ముగ్గురని ఉంది. దిద్దమన్నారు.

దిద్దాను.