మొదటి పెళ్లికొడుకు కోటు

డిసెంబరు వచ్చిందంటే ఆ ఛానెలుకి ఒకటే సినిమా. క్రిస్మస్‌కి సొంతూరు వచ్చిన సిటీ అమ్మాయి, అక్కడ కేకుల కొట్టు నడుపుకునే అబ్బాయి, ఇద్దరి మధ్యా బోలెడంత మంచు. టీవీ కోసమే తీసిన సినిమా కాబట్టి హాల్లో ఎక్కడా ఆడిన పాపాన పోలేదు. గురువారం ఒకసారి, శనివారం ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఇంకోసారి వేస్తారు. వీధి వీధంతా తిట్టుకుంటూ మూడుసార్లూ చూస్తుంది.

టైలరమ్మ కొత్త బట్టలు కుట్టదు. పొట్టివి పొడుగు చేస్తుంది, వదులువి బిగిస్తుంది, పాడైన జిప్పులు మారుస్తుంది. డ్రైక్లీనింగ్ షాపు పైన రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మిషను, టీవీ, మేనత్త. మేనత్త ఆ మిషను కన్నా ఎక్కువ చప్పుడు చేస్తుందని కింద షాపాయన అంటాడు గానీ ఆవిడకి వినపడేలా అనడు. ఆదివారాలు పిచిక కూడా వస్తుంది. పిచిక అంటే టైలరమ్మ అక్క కూతురు, పదేళ్లది. అక్క పోయి మూడేళ్లయింది.

సినిమా మొదలయ్యేలోపు జనం రాసిన అభిప్రాయాలు పిచిక ఫోన్లో చదివి వినిపించాలి. మేనత్తకి సినిమా కన్నా అవే ఇష్టం.

"'మంచు అంతా సబ్బు నురగే. హీరో కాలు జారినచోట బుడగ లేచింది. రెండు స్టార్లు.'"

"నిజమే, నేనూ చూశాను," అంది మేనత్త.

"'కేకుల కొట్టు ఉన్నవాడికి పండగ ముందురోజు అంత తీరిక ఎక్కడిది? మా ఆయనకీ కొట్టుంది. పండగొస్తే నా మొహం కూడా చూడడు.'"

"ఎన్నిచ్చింది?"

"ఐదు."

"పాపం. ఇంకోటి చదువు."

"'మావారు సగంలో నిద్రపోయి, చివర్లో లేచి, కథంతా నాకే చెప్పారు.' దీనికి నాలుగు. 'ఆ మొదటి పెళ్లికొడుకు ఒట్టి మొద్దు. ఎంతసేపూ ఇల్లు, ఇల్లు. హీరోయిన్ ఓపికకి దణ్ణం పెట్టాలి.'"

మొదటి పెళ్లికొడుకంటే సిటీలో ఆ అమ్మాయితో నిశ్చితార్థం అయినవాడు. నలభయ్యో నిమిషంలో వంతెన మీద ఉంగరం అతని చేతిలో పెట్టి ఆమె వెళ్లిపోతుంది. మళ్లీ చివర పెళ్లిలో గుంపులో నిలబడి చప్పట్లు కొడతాడు, అంతే. అతణ్ణి తిట్టనివాళ్లు లేరు. మూడువందల పైచిలుకు అభిప్రాయాల్లో ఒక్కటి మాత్రం వేరు. గురువారం టైలరమ్మ రాసింది. "మొదటి పెళ్లికొడుకు కోటు ఎడమ చెయ్యి కుడిదాని కన్నా ముప్పావంగుళం పొట్టి. లోపల మడతలో గుడ్డ ఉంది, విప్పితే సరిపోతుంది. వదిలేసేవాడే కదా అని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. మూడు స్టార్లు."

రాసేటప్పుడే ఆమెకి తెలుసు, వస్తాడని. ఆ సినిమాలో పని అయిపోయినవాళ్లు అవతల ఊరికే కూర్చోలేక ఇవతలికి వస్తుంటారు. ఎవరైనా తమ గురించి రెండు ముక్కలు రాస్తే నేరుగా వాళ్లింటికే వస్తారు. మొదటి సీనులో మంచు ఎత్తిపోసి మళ్లీ కనిపించని ముసలాయన పోయినేడు ఎదురు సెలూన్‌ఆయన ఇంట్లో రెండు గంటలు కూర్చుని, రెండు కప్పుల టీ తాగి, కిర్రుమనే తలుపుకి నూనె పోసి వెళ్లాడు. హీరో, హీరోయిన్లు మాత్రం ఎవరింటికీ రారు. వాళ్లకి తీరికేదీ.

అయితే ఆ ఆదివారం టైలరమ్మ మనసు సినిమా మీద లేదు. నాలుగింటికి బావ, అంటే పిచిక నాన్న, వస్తాడు, జవాబు కోసం.

బావ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. మంచివాడు. ఎంత మంచివాడంటే ఎంచడానికి ఒక్క వంక కూడా దొరకదు, ఆమె వెతికి చూసింది. రెండు నెలల కిందట వచ్చి, తలవంచుకుని, "పిచిక కోసం అని కాదు, నాకోసం కూడా అడుగుతున్నాను. పెళ్లి చేసుకుందామా?" అన్నాడు. ఆలోచిస్తానంది. అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉంది. సోమవారం పొద్దున రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు ఇద్దామని ఇప్పుడు అతని ఉద్దేశం. వేరే ఎవరైనా ఉన్నారా అంటే లేరు. ఉంటే చెప్పడం తేలికయ్యేది. అతణ్ణి చూసినప్పుడల్లా అక్క పక్కన కూర్చుని అక్క కంచంలోంచి ముక్క తీసుకునే మనిషే కనిపిస్తాడు. ఆ మనిషంటే ఆమెకి చచ్చేంత అభిమానం, భర్త అనుకుంటే మాత్రం ఒళ్లంతా బిగుసుకుపోతుంది. కానీ పిచిక ముఖం చూస్తే ఆ మాట నోటికి రాదు. మేనత్త కూడా రోజుకోసారి "తల్లి లేని పిల్లే" అని గుర్తుచేసి, తర్వాత తనకేమీ సంబంధం లేనట్టు కళ్లజోడు వెతుక్కునేది.

మూడు కావొస్తుండగా వంతెన సీను వచ్చింది. అమ్మాయి ఉంగరం పెట్టేసి వెళ్లిపోయింది. మొదటి పెళ్లికొడుకు కాసేపు నీళ్లలోకి చూసి, ఇటు తిరిగి, టీవీ బల్ల మీదనించి జాగ్రత్తగా కిందికి దిగాడు.

"ఆ బూట్ల మంచు గుమ్మం దగ్గర దులుపుకుని రా బాబూ," అంది మేనత్త. "తుడవలేక చస్తున్నాం."

దులుపుకుని వచ్చాడు. ఎడమ చెయ్యి చాచి నిలబడ్డాడు. "మీరు రాశారటండీ," అన్నాడు. డబ్బింగు సినిమా మనిషి కదా, పెదాలు మూతపడ్డాక ఓ క్షణానికి గొంతు వచ్చింది.

టైలరమ్మ టేపు పెట్టి చూసింది. ముప్పావంగుళమే. కోటు విప్పించి, బల్ల మీద పరిచి, అస్తరు కుట్లు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టింది. పిచిక అతనికి కుర్చీ వేసి, ఫోను పట్టుకుని మెట్ల మీదికి పోయింది. ఎండ అక్కడే పడుతుంది.

మడత లోపల గుడ్డ కొత్తదనంతో మెరుస్తోంది. సుద్దతో గీత గీసి, కచ్చా కుట్టు వేస్తూ, తల ఎత్తకుండానే అడిగింది టైలరమ్మ.

"ప్రతిసారీ బాధగానే ఉంటుందా?"

"ఏదండీ, వంతెన మీదా? ఉంటుంది. కానీ రెండు నిమిషాలేగా. ఆ తర్వాత నా దారి నాది. ఇదిగో, మీ ఇంటికొచ్చి కూర్చున్నాను."

"మరి?"

"కష్టమంతా అంతకుముందరి ముప్పై ఎనిమిది నిమిషాలదే." అతను టీవీ వైపు చూశాడు. అక్కడ హీరో కేకు మీద క్రీము పూస్తున్నాడు. "హోటల్లో భోజనం సీను చూశారుగా. కొత్త ఇల్లు గురించి చెప్తుంటాను. ఇక్కడ కిటికీ, ఇక్కడ నీ పుస్తకాల అలమార అని. ఆమె తలూపుతుంది. నవ్వుతుంది. ఆ నవ్వు జాలితో నవ్వేదండీ. నాకు తెలుస్తూనే ఉంటుంది. తెలిసీ తెలియనట్టు ఇంకా గట్టిగా ఇంటి గురించే చెప్పుకుంటూ పోవాలి. అలా రాసిపెట్టారు. మీ జనమేమో ఆవిడ ఓపికని మెచ్చుకుంటారు."

"బాధపెట్టడం ఇష్టంలేక ఆగిందేమో."

"అవునండీ. మంచిదే, నేనేం కాదనను. కానీ ఆ ఆగినన్నాళ్లూ బాధపడింది నేనేగా."

"ముందే చెప్పేసుంటే?"

"సినిమా ఉండేది కాదు." కాస్త ఆలోచించాడు. "నాకు మాత్రం బాగుండేది."

మేనత్త టీ గ్లాసు అతని చేతికిచ్చి, ఏదో అనబోయి, టైలరమ్మ ముఖం చూసి ఊరుకుంది. అలా ఊరుకోవడం ఆవిడ జీవితంలో బహుశా అదే మొదలు.

టైలరమ్మ సూది ఆగిపోయింది. పోయిన ఆదివారం బావ ఇదే గదిలో కూర్చుని, నీ మిషను మా ఇంట్లో తూర్పు కిటికీ దగ్గర పెట్టుకోవచ్చు, వెలుతురు బాగుంటుంది, దారాలకి గోడకో చెక్క కొట్టిస్తాను అన్నాడు. ఆమె తలూపింది. నవ్వింది కూడా. అప్పుడు బావ చెక్క ఎంత వెడల్పు ఉండాలో చేతులు చాపి మరీ చూపించాడు, గొంతు పెంచి మరీ చెప్పాడు. ఎందుకు అంత గట్టిగా చెప్తున్నాడా అని అప్పుడు అనుకుంది. ఇప్పుడు తెలిసేసరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తనేదో అతణ్ణి కాపాడుతున్నాననుకుంటోంది ఇన్నాళ్లూ.

బావ నాలుగింటికి పది నిమిషాల ముందే వచ్చాడు. కుర్చీలో కూర్చున్న మొదటి పెళ్లికొడుకుని చూసి నమస్కారం పెట్టాడు.

"నిన్న కూడా చూశానండీ మిమ్మల్ని. వంతెన మీద బాగా చేశారు."

"చేసేదేముంది, నిలబడడమేగా."

"సినిమా ఎలా ఉందో నువ్వు చెప్పు బాబూ," అంది మేనత్త బావతో. "నీ అభిప్రాయం ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా."

"నాకు బాగానే ఉంటుందత్తయ్యా. చివర అందరూ ఒకచోట చేరతారు కదా, అది చూస్తే మనసు తేలిగ్గా ఉంటుంది." బావ ఆ మాట అని టైలరమ్మ వైపు చూశాడు. ఆమె గబగబా చివరి కుట్టు వేసి, దారం కొరికి, ఇస్త్రీ పెట్టె తీసుకుంది. ఈ మనిషికా చెప్పేది అనిపించింది. చెప్పకపోతే ఈ మనిషినే కదా రోజూ ఆ హోటల్లో కూర్చోబెట్టేది అనీ అనిపించింది.

టీవీలో పెళ్లి గంటలు మోగుతున్నాయి. మొదటి పెళ్లికొడుకు కోటు తొడుక్కుని రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. "వస్తానండీ, చప్పట్లు కొట్టాలి," అని అందరికీ చెప్పి, బల్ల ఎక్కి లోపలికి వెళ్లాడు. గుంపులో వెనక వరసలో అతను చప్పట్లు కొట్టడం ముగ్గురూ చూశారు. పేర్లు పడ్డాయి. మేనత్త టీవీ కట్టేసి, వంటగదిలో పనేమీ లేకపోయినా లోపలికి వెళ్లింది.

"బావా," అంది టైలరమ్మ. "నేను చేసుకోలేను. మీలో లోపమేం లేదు. మీరు మా అక్క మనిషిగానే కనిపిస్తారు నాకు, ఎంత ప్రయత్నించినా. రెండు నెలల కిందటే తెలుసు. చెప్పే ధైర్యం లేక తలూపుతూ వచ్చాను. తప్పు నాది."

బావ చేతిలో ఉన్న దరఖాస్తు కాగితాల కవరు మోకాళ్ల మీద పెట్టుకుని అంచు సరిచేశాడు. కళ్లు తడిశాయి, తుడుచుకోలేదు.

"నాకూ అనుమానంగానే ఉండేది," అన్నాడు చివరికి. "మా ల్యాబుకి పిల్లలొస్తే, నొప్పి ఉండదు అని చెప్పి గుచ్చుతారు కొందరు. నేను అలా చెప్పను. నొప్పి ఉంటుంది, ఒక్క నిమిషం అంటాను. చెయ్యి లాక్కోకుండా ఇస్తారు." లేచి నిలబడ్డాడు. "నువ్వు చెప్పావు, అది చాలు. కొన్నాళ్లు ఇటు రాకపోతే ఏమీ అనుకోకు. తర్వాత వస్తాను."

"తప్పకుండా రావాలి."

"మరి పిల్లకి? దానికి నేను ముందే చెప్పేశాను, అంతా ఖాయమన్నట్టు. నా నోటితో ఇప్పుడు చెప్పలేను."

"నేను చెప్తాను," అంది ఆమె. మాట ఇచ్చేసిందే గానీ అసలు భయమంతా అక్కడే ఉందని గుమ్మం దాటేసరికి అర్థమైంది. పెద్దవాడు తట్టుకుంటాడు. తల్లి పోయిన పిల్లకి, రాబోయే తల్లి కూడా రావట్లేదని ఏ నోటితో చెప్తారు ఎవరైనా.

పిచిక నాలుగో మెట్టు మీద కూర్చుని ఫోన్లో తన అభిప్రాయం రాస్తోంది. బావ దాని తల నిమిరి మెట్లు దిగి, కింద గుమ్మంలో నిలబడ్డాడు. టైలరమ్మ పక్కనే కూర్చుంది.

"ఎన్ని స్టార్లిస్తున్నావ్?"

"ఇంకా అనుకోలేదు."

"నీకో మాట చెప్పాలి. నేను, మీ నాన్న పెళ్లి చేసుకోవట్లేదు. నేను వద్దన్నాను. నువ్వు ఇక్కడికి రావడం, నేను నీ జుట్టు దువ్వడం, ఏదీ మారదు. కోపం వస్తే నా మీద కోప్పడు, నాన్న మీద కాదు."

పిచిక ఫోను ఒళ్లో పెట్టుకుంది. రైలింగు పెచ్చు గోటితో గీకింది. ఏడుస్తుందనుకుని టైలరమ్మ చెయ్యి చాపబోయింది.

"అయితే," అంది పిచిక, నేల చూపులు చూస్తూ, "నిన్ను అమ్మా అని పిలవక్కర్లేదా?"

"పిలవక్కర్లేదు."

"నిజంగా?"

"నిజంగా."

"అద్దం ముందు రోజూ అనుకుంటున్నాను. నాన్న నేర్చుకోమన్నాడు. రావట్లేదు." ఇప్పుడు ఏడ్చింది, కానీ ముఖం తేలికపడి ఏడ్చింది. "నీకు కోపమొస్తుందని చెప్పలేదు."

మూడు వారాలుగా ఈ పిల్ల తనను ఏమీ పెట్టి పిలవడం లేదని టైలరమ్మకి అప్పుడు గాని తట్టలేదు. పని పడితే దగ్గరికొచ్చి చెంగు లాగేది. పిల్ల పెద్దదవుతోంది, సిగ్గు అనుకుంది తను. ఇంట్లో అందరూ ఒకరి కోసం ఒకరు నోరు నొక్కుకుని కూర్చున్నారు. ఆమె పిచిక తలని తన భుజానికి ఆనించుకుంది. కింద వీధిలోంచి బావ అడుగుల చప్పుడు మలుపు దాకా వినపడి ఆగిపోయింది.

కాసేపయ్యాక పిచిక ముక్కు తుడుచుకుని, "పిన్నీ," అంది.

"ఏంటే?"

"ఏం లేదు." ఒళ్లో ఫోను అటూ ఇటూ తిప్పింది. "పిన్నీ."

"చెప్పు."

"ఏం లేదన్నానుగా. ఊరికే పిలిచాను."