సున్నం నీళ్లలో మక్కలు

వసుమతి బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉపన్యాసం బట్టీ పడుతోంది. సాయంత్రం నాంపల్లిలో మహిళా సంఘం సభ. మెక్సికో చూసొచ్చింది కదా, రెండు ముక్కలు మాట్లాడమని వాళ్లు అడిగారు. ఆ రెండు ముక్కలూ భర్త జనార్దనే రాసిచ్చాడు.

"ఉన్నది ఉన్నట్టు చదువు. సొంతంగ ఏం కలపకు."

"కలపనీకి అది చూసిందేముందిరా," అని నవ్వింది అత్త జానకమ్మ.

నిజమే. మక్కజొన్న విత్తనాల శిక్షణకని జనార్దన్ ఆఫీసువాళ్లు అంత దూరం పోతుంటే, పెద్దసారు వామన్‌రావు బయటి మెతుకు ముట్టడని ఆమెను వెంటబెట్టుకుపోయారు. సుల్తాన్ బజార్‌లో కొన్న స్టవ్వు, కందిపప్పు, చింతపండు, వసుమతి. మాయ అనే జాతివాళ్ల పాతకాలపు కట్టడాలున్న ఒక చిన్న ఊళ్లో మూడు రోజులున్నారు. బస చేసిన ఇంటి వసారాలోంచి చూస్తే చెట్ల పైన ఒక రాతి శిఖరం కనిపించేది.

"ఎండల నువ్వెందుకు? చారు పెట్టి ఉంచు," అని జనార్దన్ రోజూ వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నం పెద్దసారు భోజనానికి కూర్చుని, తాను ఆ శిఖరం ఎక్కబోయి సగం మెట్ల దగ్గరే కూలబడ్డ సంగతి మింగేసి, వేల ఏండ్ల నాగరికత గురించి చెప్పేవాడు. మీసాలకు చారు అంటిందన్న సంగతి ఆ మహానుభావుడికి తెలిసేది కాదు.

ఆ ఇంటి వంటామె ఫెలీపా. రాత్రి సున్నం నీళ్లలో ఉడికించి నానబెట్టిన మక్కలను పొద్దున కడిగి, రాతి మీద నూరి, రొట్టెలు తట్టేది. సున్నమెందుకని వసుమతి సైగ చేస్తే, ఒక గింజ నలిపి, పొట్టు ఊడిరావడం చూపించింది. తర్వాత శిఖరం వైపు వేలు చూపి, అదే చెయ్యి గుండె మీద పెట్టుకుని "మాయ" అంది. మా వాళ్లు కట్టిందే అన్నట్టు.

ఆ మాట చెప్పబోతే జనార్దన్ విసుక్కున్నాడు. "వంటోళ్లతోని కూసుంటవా? జర ఆఫీసర్ పెండ్లానివన్న సోయి ఉండాలె." మక్కల ఆఫీసరు. వాటిని సున్నంలో ఎందుకు ఉడికిస్తున్నారని మూడు రోజుల్లో ఒక్కసారీ అడగలేదు.

రెండో పేజీలో వసుమతి ఆగింది. "ఏమండీ, మాయ జాతి పూర్తిగా అంతరించిందని రాసిన్రు. గీ లైను తీసేద్దామా? ఫెలీపా ఉన్నది గద."

"ఫెలీపా ఎవరు?"

"మనం దిగిన ఇంట్ల రొట్టెలు చేసినామె."

"పుస్తకంల రాసిన్రు. రొట్టెలామెను చూసి చరిత్ర మారుస్తరా? చదువు."

సాయంత్రం ముందు వరుసలో జనార్దన్, పక్కన ముఖ్య అతిథిగా పెద్దసారు. వసుమతి మొదటి పేజీ తడబడకుండా చదివింది. రెండో పేజీలో ఆ వాక్యం వచ్చేసరికి, జనార్దన్ పెదవులు దాన్ని ముందే పలుకుతున్నాయి. ఆమె కాయితం మడిచి బల్ల మీద పెట్టింది.

"మాయ జాతి అంతరించిందని ఈ కాయితంల రాసి ఉన్నది. అంతరించలేదమ్మా. మూడు దినాలు నాకు రొట్టె పెట్టింది. ఆమె పేరు ఫెలీపా. ఆ కట్టడాలు నేను చూడలే, నన్ను వంటకు తీసుకపోయిన్రు. ఆమెను మా సార్లు చూడలే, రోజూ ఆమె ముంగటికెల్లే నడిచిన్రు."